డబ్బా నిండా ముడులు

చీరకి అడ్డంగా నేసే పేక దారం మళ్లీ తెగింది. పొద్దున్నుంచి ఇది పదకొండోసారి.

వీరభద్రయ్య మగ్గం గుంటలోంచే పక్క మగ్గం మీదున్న తిరుపతిరావు వైపు వేలు చూపించాడు.

"నా నూలు మార్చింది నువ్వే!"

షెడ్డులో తొమ్మిది మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి.

"నాకేం పనయ్యా నీ నూలుతో?" తిరుపతిరావు లేచి నిలబడ్డాడు. "మోటారు తెచ్చానని నిన్నంతా మురిసిపోయావుగా. దిష్టి తగిలిందేమో, నిమ్మకాయ కట్టు."

పక్కనే రాట్నం తిప్పుతున్న అతని భార్య సింధూరి కిసుక్కున నవ్వింది.

మంగళగిరిలోని ఆ షెడ్డులో మగ్గం జంటలకే ఇస్తారు. మగవాడు నేస్తాడు. పక్కనే ఆడమనిషి పేక నూలుని రాట్నం మీద కండెలుగా చుట్టి అందిస్తుంది. వీరభద్రయ్య భార్య శివపార్వతి పోయి నలభై రోజులైంది. యజమాని వెంకటకృష్ణారావు పది రోజులు గడువిచ్చాడు. ఈలోగా ఒంటరిగా ఒక చీర దించితే మగ్గం వీరభద్రయ్యదే. లేకపోతే కొత్త జంటకి వెళ్లిపోతుంది. గడువు ఇవాళ మధ్యాహ్నంతో సరి. చీరకి ఇంకా గజం మిగిలింది.

నిన్నటిదాకా శివపార్వతి చుట్టిపెట్టి పోయిన కండెలతోనే నేశాడు. ఒక్క పోగు తెగలేదు. అవి అయిపోయే వేళకి ఆటోనగర్‌లో మెకానిక్ జాన్సన్ దగ్గర్నుంచి మోటారు తెచ్చి బల్లకి బిగించాడు. కుట్టుమిషను మోటారు, ఇనుప కదురు, వేగం పెంచే మీట. నూలు చిలప తగిలించి మీట నొక్కితే నిమిషంలో కండె.

మోటారుకి మాటలు రావు. కండె అయిపోయినప్పుడల్లా వీరభద్రయ్య తల తిప్పకుండా ఎడంచెయ్యి చాపుతున్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు. అరచేతిలో ఏదీ పడదు. చెయ్యి వెనక్కి తీసుకుని, తనే లేచి వెళ్లి తెచ్చుకోవాలి.

జాన్సన్‌కి ఫోన్ చేశాడు.

"నీ మోటారు దారం తెంపుతోందిరా!"

"అది తెంపదు బాబాయ్. ఉన్నది ఉన్నట్టు చుడుతుందంతే. తెగినచోట ఏముందో చూశారా?"

చూశాడు. ముడి. ముందు తెగిన కొసలు వెతికాడు. వాటికీ ముడే. పేకని అటూ ఇటూ మోసే నాడె కంట్లో ముడి చిక్కుకోవడం, దారం తెగడం.

"మా నూలులో ముడులుండవు! ముప్పై ఏళ్లలో నా చేతికి ఒక్కటి తగల్లేదు!"

ఫోన్ పెట్టేశాడు. ఇక అనుమానం లేదు. నిన్న సాయంత్రం తను టీకి వెళ్లొచ్చేసరికి తిరుపతిరావు తన నూలు బుట్ట పక్కనే నిలబడి ఉన్నాడు.

పదకొండున్నరకి వెంకటకృష్ణారావు వచ్చాడు. ఇద్దరూ చెప్పింది విన్నాడు.

"నూలు మార్చడం మాటలు కాదు. నిజమైతే తిరుపతిరావు తన భార్యని తీసుకుని ఇప్పుడే బయటికి నడవాలి. వీరభద్రయ్యా, నీకింకో పది రోజులిస్తా. కాకపోతే మగ్గం నువ్వు దిగాలి. పాత నూలేమైనా ఉందా? పక్కపక్కన పెట్టి చూద్దాం."

పాత నూలు ఉంటే ఒక్కచోటే ఉండాలి. గోడవారన గోనెపట్టా కింద శివపార్వతి రాట్నం ఉంది. నలభై రోజులుగా అతను అటు వెళ్లలేదు. పట్టా తీశాడు. రాట్నం వెనక చిన్న కత్తెర, ఒక బిస్కెట్ల డబ్బా.

డబ్బా బరువుగా ఉంది. మూత తీశాడు.

నూలు కాదు. వేలి గోరంత దారం ముక్కలు. అంచుదాకా అవే. ఒకటి తీసి వెలుగులో పట్టుకున్నాడు. మధ్యలో ముడి. ఇంకొకటి. ముడి. గుప్పెడు తీశాడు. అన్నిటికీ ముడే.

రాట్నం నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా అతను తల తిప్పకుండానే కసిరేవాడు. "ఏంటే ఆలస్యం? నిద్రపోతున్నావా?" ఆమె వైపునుంచి టిక్కుమని చిన్న చప్పుడు. మళ్లీ రాట్నం నడిచేది.

"దొరికిందా?" వెనకనుంచి వెంకటకృష్ణారావు గొంతు.

వీరభద్రయ్య తిరిగి చూశాడు. తిరుపతిరావు మొహంలో నెత్తురు లేదు. సింధూరి చెయ్యి రాట్నం మీద బిగుసుకుపోయింది. దారం ఆమె వేళ్ల మధ్య ఉంది.

డబ్బా మూత పెట్టేస్తే చాలు. ఒక్క పేరు చెబితే పది రోజులు.

"నూలు ఎవరూ మార్చలేదండీ," అన్నాడు. "ఎప్పుడూ ఇలాంటిదే వచ్చేది. ముడి తగిలినప్పుడల్లా మా ఆవిడ కత్తిరించి, తడివేలితో మెలేసి అతికించి ఇచ్చేది. ఇవిగో."

డబ్బా ఆయన చేతిలో పెట్టాడు.

"పక్కనే కూర్చునేదిగా! ముప్పై ఏళ్లు నీకు తెలీదా?"

"తల తిప్పి చూస్తేగా తెలిసేది."

"మరి తప్పెవరిదయ్యా? పదిమందిలో తిరుపతిరావుని దొంగన్నావు. పేరు చెప్పాల్సిందే."

వీరభద్రయ్య మోటారు ఆపేశాడు. షెడ్డంతా వినబడేలా చెప్పాడు.

"వీరభద్రయ్యండీ."