రాణి నోట అమ్మ మాట

అయినా ఆ రాణికి పత్తిచేను ఏం తెలుసు, విచ్చకముందే రాలిన పూవు ఏం తెలుసు, ఆ మాటలు ఆవిడవి కానే కావు, అని విరుదునగరంలో రైలెక్కినప్పటి నుంచీ రామసుబ్బు తనలో తాను వాదించుకుంటున్నాడు. సాత్తూరు దాటినా వాదన తెగలేదు.

మిల్లు పనిమీద విరుదునగరం వెళ్ళి, పొద్దున ఒక కాఫీ క్లబ్బులో కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర ఒకాయన తమిళ పత్రిక పైకి చదువుతున్నాడు. కొడుకు శవం ముందు గ్రీకు రాణి విలాపం. నా పత్తిపూవా, విచ్చకముందే నిన్నెవరు కోసుకుపోయారు, అని ఏడుస్తోంది రాణి. విన్నవాళ్ళు తలలూపారు. రెండువేల ఏళ్ళనాటి ఏడుపట, అని ఒకరు మెచ్చుకున్నారు. రాసినవారు: తంగసామి. రామసుబ్బు గ్లాసు కింద పెట్టడం మరిచిపోయాడు.

కోయిల్‌పట్టి మిల్లులో అతను గుమాస్తా. గ్రీకు, రోమను కావ్యాలను ఇంగ్లీషులో తెప్పించుకుని చదివేవాడు. ఏ పరీక్షకని తోటి గుమాస్తాలు అడిగేవారు. ఊరికే, బాగుంటుందని, అంటే నమ్మేవారు కాదు. దేవతలు సంతలో దళారుల్లా కీచులాడుకుంటుంటే అతనికి ఒంటరిగా నవ్వొచ్చేది. ఆ నవ్వు పంచుకోవడానికి దొరికిన ఒకే మనిషి మేనత్త కొడుకు తంగసామి. ఆదివారాలు విరుదునగరం నుంచి వచ్చి, "సెప్పు బావా" అని చాపమీద వాలిపోయేవాడు. ఇంగ్లీషు పేజీ చూస్తూ రామసుబ్బు ఇంటి తెలుగులో చెప్పుకుపోయేవాడు. ఆ తెలుగు వాళ్ళకు నోటికే వచ్చు. రాయడం, చదవడం తమిళంలోనే.

ఒక ఆదివారం మాత్రం పుస్తకంలో రాణి ఏడుపు ఎండుకట్టెలా తగిలింది. దాన్ని తంగసామికెలా అందించాలో తోచక ఆగాడు. ఆగిన చోటికి, పంతొమ్మిది వందల ముప్ఫై రెండులో కలరాకు పోయిన చిన్నకొడుకు శవంమీద పడి అమ్మ వేలమ్మాళ్ ఏడ్చిన మాటలు వచ్చి నిలబడ్డాయి. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు శవంమీద కట్టిన మాటలు శవంతోనే పోవాలి. మళ్ళీ పలికితే ఇంటికి ఇంకో చావును పిలిచినట్టు. తెలిసే పలికాడు. తంగసామి కళ్ళు తుడుచుకున్నాడు. ఇవి అమ్మ మాటలు, మన ఇద్దరిలోనే ఉండనీ, అంటే చెయ్యి పట్టుకుని సరేనన్నాడు.

ఇప్పుడు రైల్లో రామసుబ్బును తొలుస్తున్నది ఆ విలాపం కింద ఉన్న పేరు కాదు. ఆ రోజు కన్నీళ్ళు తుడుచుకుంటూనే తంగసామి ఆ మాటల్ని మనసులో మూటకట్టుకుంటున్నాడా? లేక నిజంగానే ఏడ్చి, తర్వాత మూటకట్టాడా? రెండోది మరీ ఘోరంగా తోచింది. మరి, అందరికంటే ముందు వాటిని ఇంటి గడప దాటించినవాడెవరు? ఆ ప్రశ్నను పక్కకు తోశాడు. అది సర్దుకుని అతని పక్కనే కూర్చుంది.

ఆదివారం తంగసామి రానే వచ్చాడు, చంకలో పత్రికతో.

"ఏమి బావా, మొగానికి తాళమేసుకోనుండావు? మన రాణి అచ్చయిపోయె! విరుదునగరమంతా అదే పేచ్చు, అదే మాట."

"అది పొత్తకంలోది కాదని సెప్పినానే."

"అందుకే కదా రొంబ బాగుండాది! పొత్తకంలోది ఎవరికి కావాల? నీ పేరు ఏసుంటే, గుమాస్తాకు కతలెందుకని మీ మిల్లు దొర సుమ్మా ఊరుకుంటాడా?"

"పేరు నువ్వే పెట్టుకో. అమ్మ ఏడుపు ఎందుకు అమ్మినావు?"

"ఎవురికి తెలుసు అది అత్తదని? అత్తకే తెలియదులే!" తంగసామి నవ్వి, వంటింటి వైపు గొంతు పెంచాడు. "అత్తా! ఇట్లా రా. ఒక కత సదువుతా, ఏడ్సేస్తావు!"

తిరగలి చప్పుడు ఆగింది.

"వస్తా ఉండా నాయనా. సేతులు కడుక్కోనీ."

ఒక్క మాట వింటే చాలు, తన ఏడుపేనని ఆవిడ గుర్తుపట్టేస్తుంది. కోపం రాదు. ముందు కొడుకును చూస్తుంది, తర్వాత ఈ ఇంట్లో ఇక పోయేదెవరని ఒక్కొక్కరి మొహంలో వెతుకుతుంది. ఆ చూపు రామసుబ్బుకు ముందే కనిపించింది. తంగసామి పత్రిక విప్పాడు. పెరట్లో చెంబు నీళ్ళు ఒలికిన చప్పుడు.

రామసుబ్బు లేచి బావకూ వంటింటికీ మధ్య నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బావతో తమిళంలో, వీధిలోకొచ్చిన బట్టల వర్తకుడితో మాట్లాడే మర్యాదతో అన్నాడు:

"పోయిట్టు వాంగ."

వెళ్ళి రండి, అని.