బుచ్చమ్మ కుడి చెంప

నా స్నేహితుడు దస్తగీర్ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని ముప్పై తొమ్మిదేళ్లయింది. పాతబస్తీలో మా లాల్‌దర్వాజా నుంచి వాళ్ల మొఘల్‌పురా ఎంత దూరం గనక. ఎదురుపడితే నేనే పక్క గల్లీలోకి తిరిగేవాణ్ణి. అంత పని చేశాడు మరి వాడు.

మా అమ్మ బుచ్చమ్మకు పదహారో ఏట అమ్మవారు పోసింది. మొహమంతా గుంటలు. నాకు తెలిసిన అమ్మ మొహం అదే. నా పెళ్లి ఫోటోల్లో కూడా సగం మొహానికి కొంగు కప్పుకునే ఉంది. నిండుగా మొహం కనిపించే ఫోటో ఆమెకు ఒక్కటే, అదీ చివరి రోజుల్లో దస్తగీర్ పనిచేసే స్టూడియోలో తీయించింది. వాడక్కడ టచింగ్ చేసేవాడు. అంటే నెగటివ్ మీద వార్నీషు రాసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చల్ని పూడ్చేవాడు. ఫోటో చేతికొచ్చాక చూస్తే ఏముంది, నున్నటి చెంపలతో ఎవరో పరాయి మనిషి. "మా అమ్మను ఏం జేసినవ్‌రా" అని అందరి ముందు వాడి కాలర్ పట్టుకున్నాను. వాడు నోరు విప్పితే ఒట్టు. మూడు నెలలకు అమ్మ పోయింది. అప్పటినుంచి గోడమీది ఆ పరాయి మనిషికే దండ వేస్తున్నాను.

రిటైరయ్యాక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నది ఆ కసితోనే. ఆదివారాలు మా గల్లీ ముసలివాళ్ల ఫోటోలు తీస్తాను. ఒక్క ముడత కూడా చెరపను. మనవరాలు శ్రీహిత ఫోన్‌లో నా మొహం నున్నగా చేసి చూపిస్తే ఆ పూట అన్నం ముట్టలేదు. కానీ ఏం లాభం, కెమెరా ఎత్తినప్పుడల్లా గుర్తొచ్చేది వాడే. ఊపిరి బిగపట్టి నొక్కాలని నేర్పింది వాడే. ఇరవయ్యేళ్లప్పుడు ఒక్క రీలు వేసుకుని, నీకో ఫోటో నాకో ఫోటో అని వంతులేసుకుంటూ బజారంతా తిరిగేవాళ్లం. ఆ రోజులు తలుచుకుంటే ఇంకా మండేది.

పోయిన నెల స్టూడియో మూసేశారు. పాత నెగటివ్‌లన్నీ ట్రంకుపెట్టెల్లో దస్తగీర్ ఇంటికి చేరాయని తెలిసింది. టర్పెంటైన్‌తో తుడిస్తే టచింగ్ పోతుందని ఒకప్పుడు వాడే చెప్పాడు. ఒట్టు తీసి గట్టున పెట్టి బయల్దేరాను.

తలుపు తీసింది వాడి భార్య సురయ్యా. "ఇన్నేండ్లకు యాదికొచ్చినమా జగన్నాథం భాయ్?" అంది. నేను తిన్నగా లోపలికి పోయాను.

"మా అమ్మ నెగటివ్ ఇయ్యి. టర్పెంటైన్ సీసా గూడ ఇయ్యి."

దస్తగీర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "జుట్టుకు మస్తు నల్లరంగేసినవ్. గది టచింగ్ గాదా?"

"లొల్లి వెట్టకు. నెగటివ్ తియ్యి."

ఫోటో వెనకాల ఉన్న నంబరు రాసుకొచ్చాను కాబట్టి తొందరగానే దొరికింది. కవరు నాకిచ్చి కూడా వాడు అంచు వదల్లేదు.

"తుడవకు జగన్నాథం. మల్ల టచింగ్ పెట్టాలంటే నా చెయ్యి నిలకడగ ఆగుతలేదు."

"నిన్నెవడు పెట్టమన్నడు?"

దూది ముంచి కుడి చెంప మీద రుద్దాను. నల్లగా మరక అంటింది. కిటికీ వెలుగుకు పట్టి చూస్తే చుక్క చుక్కగా గుంటలు. మా అమ్మ. నా కళ్లలో నీళ్లు, నోట్లో తిట్లు.

"అమ్మవారు ముట్టిన మొహంరా ఇది. చెరిపెటందుకు నువ్వెవనివి?"

"అమ్మనే చెయ్యమన్నది."

"అబద్ధం."

"అబద్ధం గాదు భాయ్," అంది సురయ్యా. "ఆయాసపడుకుంట మా ఇంటికే వచ్చింది. నా ముంగట్నే చెప్పింది."

దస్తగీర్ తల వంచుకుని చెప్పాడు. "'అమ్మవారు పొయ్యకముందు ఎట్లుంటినో గట్ల చెయ్యి బిడ్డా. నేను పోయినంక గోడకు పెడ్తరు. ఆఫీసోళ్లు ఇంటికొస్తే మా వానికి నామోషీ' అన్నది. నీకు చెప్పొద్దని నాతోని కసమ్ వేయించుకున్నది."

"నాకెందుకు నామోషీ? నేనెప్పుడన్న అన్ననా?"

వాడు తలెత్తాడు. "నీ పెండ్లి ఫోటోలు తీసింది నేనే గదా. గ్రూప్ ఫోటోకు అందరు నిలవడ్డరు. మీ ఆఫీసర్ గూడ ఉండె. నువ్వు అమ్మ దిక్కు తిరిగి ఏమన్నవో యాదికి తెచ్చుకో."

గుర్తొచ్చింది. 'అమ్మా, జర కొంగు కప్పుకో.' నవ్వుతూనే అన్నాను. ఆ సాయంత్రానికే మరిచిపోయాను కూడా.

"ఇన్నేండ్లు నన్ను తిట్టనిచ్చినవ్ గదరా," అని వాడి మీదే అరిచాను. ఇంకెవరి మీద అరవాలో తెలియలేదు.

"ఇంక గూడ తిట్టు. ఎడమ చెంప మిగిలింది. తుడువు."

చెయ్యి లేవలేదు. సీసాకు మూత పెట్టాను. సురయ్యా తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. నెగటివ్‌ను కవర్లో పెట్టుకుని ఇంటికొచ్చి పెళ్లి ఆల్బమ్ తీశాను. గ్రూప్ ఫోటోలో నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. నా పక్కన అమ్మ. కొంగు కప్పుకున్నది కుడి చెంప మీదే.