కడుపు నిండిన తేనెటీగల పాఠం

దర్జీ మామయ్య ఆకలి ఎంతటిదంటే, ఒకప్పుడు ఆయన వంటింట్లో అడుగుపెడితే గిన్నెలు మూతలు బిగించుకునేవట. అలాంటి మనిషి పోయినేడు అన్నం చూస్తేనే మొహం తిప్పేశాడు. వయసు మీద పడిందన్నాడు కొడుకు. కోడలు ఊరుకోలేదు. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి, ఏదో హార్మోను తగ్గిందని తేల్చి, మాత్రలు మింగించి మళ్ళీ మనిషిని చేసింది. అప్పటినుంచీ ఆమెకు ఏదో ఒకటి చేసిపెట్టాలని ఆయన చేతులు దురదపెడుతూనే ఉన్నాయి.

కోడలిది తేనెటీగల మీద పరిశోధన. ఆకలి పెంచే హార్మోను వేస్తే ఈగకు చదువు కూడా వంటబడుతుందా అన్నది ఆమె ప్రశ్న. ఈగలను చల్లబరిచి, తల మాత్రం బయటికి ఉండేలా స్ట్రా ముక్కల్లో టేపుతో కట్టాలి. సూదిలో దారం ఎక్కించిన వేళ్ళు కదా, ఆ పని మామయ్యకు అప్పగించింది. సగం ఈగలకు హార్మోను చుక్క వేసి, అన్నిటినీ పస్తుంచి, నిమ్మవాసన ఊది, వెంటనే మీసాలకు చక్కెర నీళ్ళు తాకిస్తుంది. పాఠం ఎక్కిన ఈగ తరవాత ఉత్త వాసనకే నాలుక చాపుతుంది. కానీ ఆకలి మీద అన్నీ చాపేవి, హార్మోను వేసినవాటికీ వేయనివాటికీ తేడా తెలిసేది కాదు. పూలకాలం అయిపోవస్తోంది. ఈ విడతలో ఏదీ తేలకపోతే ల్యాబులో ఆమె ఉద్యోగం ఉండదు.

ఆ రోజు ఆమె మీటింగుకు వెళ్ళింది. స్ట్రాల్లో ఆవురావురంటున్న ఈగలను చూసి మామయ్య మనసు చివుక్కుమంది. డ్రాపరు తీసి ఒక్కోదానికీ కడుపారా చక్కెర నీళ్ళు పట్టాడు. ఒకటి త్రేన్చింది కూడానని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

కోడలు వచ్చి పాఠం చెప్పింది. చివర ఉత్త వాసన ఊదితే చాలా ఈగలు విందు తిని వచ్చిన చుట్టాల్లా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. ఆమె మొహం పాలిపోయింది. మామయ్య డ్రాపరు తీసి చూపించాడు.

"అమ్మాయ్, నేనే పెట్టాను. పస్తులుంచడం నావల్ల కాలేదు."

ఆమె కుర్చీలో కూలబడింది. తలెత్తి అడిగింది.

"హార్మోను వేసినవాటికి కూడా పెట్టారా మామయ్యగారూ?"

"వడ్డనలో పక్షపాతం చూపించే మనిషినా నేను?"

ఆమె లేచి మళ్ళీ వాసన ఊదింది. నాలుక చాపినవి కొన్నే. వాటిలో ఒకటీ అరా తప్ప అన్నిటి వీపు మీదా హార్మోను గుర్తుగా పెట్టిన ఆకుపచ్చ చుక్క ఉంది.

"కడుపు నిండినా నేర్చుకున్నాయి," అంది నెమ్మదిగా. "ఆకలిలో కలిసిపోయి ఇన్నాళ్ళూ నాకు కనపడనిది ఇదే. మీరు పెట్టబట్టి బయటపడింది. రేపు కూడా మీరే పెట్టాలి, ఇలాగే సమానంగా. మళ్ళీ ఇలాగే వస్తే నేను గట్టెక్కినట్టే."

తన పక్కన కూర్చుని ముద్ద ముద్దకూ బతిమాలి తినిపించిన పిల్ల తనకు రుణపడినట్టు మాట్లాడుతుంటే మామయ్య పక్కకు తిరిగాడు. కళ్ళజోడు తీసి, తుడవాల్సినదానికంటే ఎక్కువసేపు తుడిచాడు.

మర్నాడు ఆమెకంటే ముందే వచ్చి ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతులు శుభ్రంగా కడుక్కుని.