జిలానీ వేసిన తలుపు

నేను ఒక గాలి కిటికీని. కిటికీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. అరచేతి వెడల్పు ప్లాస్టిక్ చట్రం, దానికి నాలుగు రబ్బరు రెక్కలు, అంతే నా ఒళ్లు. పికప్ బండి వెనక సీటు చాటున, రేకుకు కోసిన బెజ్జంలో నన్ను బిగించారు. అద్దాలన్నీ ఎక్కించి తలుపు వేస్తే లోపలి గాలి ఎక్కడికో పోవాలి కదా. నా రెక్కలు తెరుచుకుని దాన్ని బయటికి పంపుతాయి, వెంటనే మూసుకుని బయటి దుమ్మును ఆపుతాయి. నాలుగేళ్లు ఈ పని చేశాను. ఒక్కరూ నా మొహం చూసిన పాపాన పోలేదు.

బండి యజమాని వీరనారాయణ చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీ నడిపేవాడు. రాతిని మందుతో పేల్చేవాడు, మనుషుల్ని చేత్తో కొట్టేవాడు. రెండూ క్వారీ పనులే అనుకునేవాడు. డ్రైవర్ జిలానీ మాత్రం ఏనాడూ దెబ్బ తినలేదు. అక్కడొక పద్ధతి ఉంది. యజమాని తలుపు ముట్టుకోడు. ఆయన ఎక్కి కూర్చున్నాక డ్రైవర్ బయట నిలబడి, కూలీలందరూ చూస్తుండగా చప్పుడు రాకుండా తలుపు వేయాలి. చప్పుడు వస్తే మర్యాద పోయినట్టే. జిలానీ చేతిలో తలుపు వెన్నలా పడేది.

పక్క క్వారీ ఆయన బండిలో పాట పెడితే అద్దాలు అదురుతాయని తెలిసి వీరనారాయణకు కడుపు మండింది. ఒంగోలులో ఆడియో కొట్టు నడిపే ఏసుపాదం దగ్గరికి బండి పంపాడు. ఏసుపాదం వెనక సీటు ఊడదీసి, సరిగ్గా నా ముందు ఊఫర్ డబ్బా పెట్టి పాట వేశాడు. ఆ అదురుకు నా రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. అతనికి చిరాకెత్తింది. నల్లటి తారు షీటు కోసి నా మొహాన అతికించి, పిడికిలితో గుద్ది గుద్ది నొక్కాడు. ఆ బెజ్జంతో ఏదైనా పని ఉందేమోనని జిలానీ అడిగాడు. కంపెనీవాళ్లు ఊరికే వదిలేసి ఉంటారని ఏసుపాదం తేల్చేశాడు. తెలియని సంగతిని తడుముకోకుండా చెప్పడం మనుషులకే చెల్లింది.

మర్నాడు క్వారీలో జిలానీ ఎప్పటిలా తలుపు నొక్కాడు. పడలేదు. దారి దొరకని గాలి దాన్ని వెనక్కి నెట్టింది. మళ్లీ నొక్కాడు, పడలేదు. మూడోసారి విసిరి వేశాడు. పడింది కానీ, లోపలి గాలి వీరనారాయణ చెవుల్లో ఫెడీమని కొట్టింది. కూతురి బడి పని మీద సెలవడిగితే తాను కాదన్నందుకు వీడు కసి తీర్చుకుంటున్నాడనుకున్నాడాయన. దిగి, అందరి ముందూ జిలానీ చెంప పగలగొట్టాడు.

తలుపులోనే ఏదో తేడా ఉందని జిలానీ మొత్తుకున్నాడు. లాక్‌కు గ్రీజు రాశాడు, అంచు రబ్బరు తుడిచాడు. ఆ వారంలో మూడుసార్లు తన్నులు తిన్నాడు, ఒకసారి బూటుకాలితో, డొక్కలో. నేను తారు కింద ఊపిరాడక పడి ఉన్నాను. తప్పెక్కడుందో తెలిసింది నాకొక్కదానికే. నాకు నోరు లేదు.

శుక్రవారం జిలానీ ఎడమ చెయ్యి తలుపు ఫ్రేముకు ఆనించి, కుడిచేత్తో మెల్లగా, భయంభయంగా నెట్టాడు. పడలేదు.

"తలుపెయ్యడం కూడా చాతకాదంట్రా నీకు?" అంటూ వీరనారాయణ లోపలి నుంచి బలమంతా పెట్టి లాగాడు. మధ్యలో వేళ్లున్నాయి. తలుపు రోజూలాగే మొండికేసిందనుకుని మళ్లీ లాగాడు. ఎముక విరిగిన చప్పుడు షీటు వెనకున్న నాక్కూడా వినిపించింది.

జిలానీ నుజ్జయిన చేతిని కడుపుకు అదుముకుని, కుడిచేత్తో వీల్ స్పానర్ అందుకున్నాడు. వీరనారాయణ అవతలి వైపు నుంచి దిగి రాళ్ల మధ్యకు పరుగు లంకించుకున్నాడు. అంత లావు మనిషి అంత జోరుగా పరుగెత్తగలడని కూలీలకు ఆ రోజే తెలిసింది. జిలానీ వెనక తలుపు తీసి ఊఫర్ డబ్బా మీద పడ్డాడు. అది వచ్చిన నాటి నుంచే కదా అతనికి శని పట్టింది. కొట్టాడు, కొట్టాడు. చెక్క చీలింది, షీటు చిరిగింది, నా చట్రం పగిలి రెండు రెక్కలు తెగిపడ్డాయి. చెప్పకూడదు గానీ ఆ దెబ్బ నాకు హాయిగా ఉంది.

యజమాని మీద దాడి చేశాడని పోలీసులు జిలానీని పట్టుకెళ్లారు. బండి మళ్లీ ఏసుపాదం కొట్టుకు వచ్చింది. వీరనారాయణ సీట్లో ఉండగా ఏసుపాదం మాటల్లో పడి తలుపును మోచేత్తో తోశాడు. టక్కున పడింది. వీరనారాయణ తలుపు తీసి మెల్లగా లాగాడు. పడింది. మళ్లీ లాగాడు, మళ్లీ పడింది. ఏసుపాదం వెనక్కి వెళ్లి చిరిగిన షీటునూ నన్నూ చూసి, తప్పు తనదేనని అంతా చెప్పేశాడు. జిలానీ బయటపడ్డట్టేనని నేను ఆశపడ్డాను.

తలుపు ఇలాగే పడుతూ పోతే జిలానీ చెప్పిందే నిజమని కూలీలకు తెలిసిపోతుందనుకుని వీరనారాయణ బండి దిగాడు.

"మూసెయ్ దాన్ని. ఈసారి రేకు కొట్టు," అన్నాడు.

ఏసుపాదం రేకు కొట్టాడు. నన్ను మాత్రం పారేయలేక జేబులో వేసుకుని, బెయిల్ మీద వచ్చిన జిలానీ ఇంటికి తీసుకెళ్లి సంగతి చెప్పాడు. జిలానీ నన్ను మంచి చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన చేతిలో తప్పు లేదని తెలిసి వెక్కివెక్కి ఏడ్చాడు. తేరుకున్నాక ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడా తలుపు ఎవరేస్తుండారన్నా?"

కొత్త డ్రైవర్ చేరాడని ఏసుపాదం తలదించుకుని చెప్పాడు.

"అయితే ఇది నాకెందుకు? పొయ్యి ఆ కొత్త డ్రైవర్ చేతిలో పెట్టు."

రేపే వెళ్తానని ఏసుపాదం మాటిచ్చాడు. అది జరిగి ఎండాకాలం గడిచింది, వానలూ వెళ్లిపోయాయి. నేను అతని కొట్టు సొరుగులో, వైరు ముక్కల మధ్య ఉన్నాను. స్క్రూల కోసం అతను రోజుకు పదిసార్లు సొరుగు తెరుస్తాడు. నా వంక చూడకుండా మూసేస్తాడు, ఎంతో మెల్లగా.