పున్నయ్య తూచిన తడి

చెక్క గురించి డాక్టర్ శ్యాంబాబు నాలుగు పేపర్లు రాశాడు. చెక్కని చేత్తో ముట్టుకున్న సందర్భాలు అంతకన్నా తక్కువ. గుడివాడకీ బందరుకీ మధ్య ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అతను ప్రొఫెసర్. పచ్చి చెక్క ఆరేటప్పుడు వేడి లోపలికి ఎలా వెళ్తుందో, తడి బయటికి ఎలా వస్తుందో చెప్పే సమీకరణాలు ఆరేళ్లు కూర్చుని తయారుచేశాడు. కంప్యూటర్ గీసిన గీత నున్నగా కిందికి దిగింది. అది నిజమని చూపించడానికి ఒక వేప పలకని షెడ్డులో ఆరబెట్టి, ఇరవై రోజులు ఉదయం, సాయంత్రం తూచి రాయాలి. ఆ పని ల్యాబ్ అటెండర్ పున్నయ్యకి అప్పగించాడు.

మూడో రోజు కాటా పాడైపోయింది. పున్నయ్య వచ్చి చెప్పాడు.

"కొత్తదానికి ఇండెంట్ పెట్టు," అన్నాడు శ్యాంబాబు తల ఎత్తకుండా.

పెట్టాడు. ఆ కాగితం ఏ బల్ల మీద ఆగిందో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఐదింటికి రీడింగులు మాత్రం కావాలి. రెండుసార్లు "కాటా పని చెయ్యట్లేదండి" అని తిట్లు తిన్నాక, సార్ గోడకి అంటించిన ఆ కంప్యూటర్ గీతను చూస్తూ పున్నయ్య అంకెలు రాయడం మొదలుపెట్టాడు. మరీ అచ్చుగుద్దినట్టు ఉంటే బాగుండదని అక్కడక్కడ పది గ్రాములు అటూ ఇటూ మార్చాడు.

లెక్కకీ రీడింగులకీ నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పొంతన కుదిరింది. పేపర్ అచ్చయింది. కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. బందరులో సెమినార్‌కి పిలుపు వచ్చింది.

ఆ నెలలోనే, కొత్తగా చేరిన లెక్చరర్ నవ్యశ్రీ ఏదో తూచుకోవడానికి ల్యాబ్‌కి వెళ్లింది. కాటా వెలగలేదు.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉందండీ?"

"ఏడాది దాటింది మేడమ్. సార్ పలక మొదలెట్టిన మూడో రోజే పోయింది."

"మరి ఆ రీడింగులు?"

"నేనే రాశానండి," అన్నాడు పున్నయ్య. అతను దాచిందేమీ లేదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే.

నవ్యశ్రీ వాళ్లది సముద్రం ఒడ్డున గిలకలదిండి. వాళ్లమ్మ చేపలు తూచే కాటాని బస్సులో తెచ్చి, కొత్త పలక పెట్టి, పదిరోజులు తనే తూచింది. పగలు తగ్గిన బరువులో సగం తెల్లారేసరికి తిరిగొచ్చేది. సముద్రం మీంచి వచ్చే తేమగాలిని చెక్క పీల్చుకుంటోంది. శ్యాంబాబు సమీకరణాల్లో తడికి పోయే దారే ఉంది, వచ్చే దారి లేదు.

ఆమె తెచ్చిన కాగితం చూసి శ్యాంబాబు మొహం తుడుచుకున్నాడు.

"ఈ చెక్క మంచిది కాదమ్మా. అనంతపురం నుంచి తెప్పిద్దాం."

"ఎక్కడి చెక్కైనా ఆరేది ఇక్కడి గాలిలోనే కదా సార్?"

"చేపల కాటాని ఎవరు ఒప్పుకుంటారు?"

"కాటానే లేకుండా రాస్తే ఒప్పుకున్నారు కదండీ."

శ్యాంబాబు లేచి తలుపు మూశాడు. "సెమినార్ అయ్యాక చూద్దాం. ఎవరితో అనకు."

సెమినార్‌కి పున్నయ్యని కూడా తీసుకెళ్లాడు. వదిలేసి వెళ్తే ఎవరికేం చెప్తాడోనని భయం. అక్కడ ఒక పెద్దాయన లేచి, "బందరు గాలిలో ఇంత నున్నటి గీత నేనెప్పుడూ చూడలేదు. ఎలా వచ్చిందండీ?" అని అడిగాడు.

"మా అటెండర్ శ్రద్ధండి," అన్నాడు శ్యాంబాబు.

వెంటనే పున్నయ్యని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు.

"కాటా లేదండి. సార్ గీత చూసి రాశాను," అన్నాడు పున్నయ్య.

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. సోమవారం షెడ్డు చూడటానికి వస్తానని కాలేజీకి ఫోన్ చేశాడు.

ఆదివారమే శ్యాంబాబు పేపర్‌ని వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాశాడు. కారణం అన్నచోట 'తీరప్రాంత వాతావరణం' అని పెట్టాడు. సంజాయిషీ ఇమ్మని పున్నయ్యకి మెమో వచ్చింది. అతను దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, నవ్యశ్రీ పలకని ఎండలోకి జరపడానికి షెడ్డుకి వెళ్లాడు.