ఎర్ర పట్టీ

విలిమోనె కుర్చీలో వెనక్కి వాలి, నడుముకు ఆనించుకున్న నారింజ రంగు లైఫ్ జాకెట్‌ను కాస్త పైకి లాక్కున్నాడు. ఎదురుగా తెర మీద పరీక్షకు వాడే సర్వర్ తాపీగా లేస్తోంది. అక్షరాల వరుసలు పైకి జారిపోతుంటే బిస్కెట్ టీలో ముంచుకుంటూ చూస్తున్నాడు. సర్వర్ లేచాక పేజీ తెరిచాడు. నీలం పేజీలో పడవల పేర్లు, వాటి పైన ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్ర పట్టీ వచ్చాయి. పరీక్ష కోసం తనే పెట్టిన ఆ పట్టీలో 'పడవ వదలొద్దు' అని ఉంది.

"మరదలా, ఇలా రా. నీ పట్టీ వచ్చింది," అన్నాడు.

అవతలి బల్ల దగ్గర వాతావరణ కబుర్లు చూసి పడవలు ఆపించే సలోటె లేచి వచ్చింది. వాళ్ళిద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. అతని దీవి వాళ్ళూ ఆమె దీవి వాళ్ళూ ఎప్పటినుంచో బావామరదళ్ళ వరస. ఆ వరస ఉంటే ఎంత మాటైనా అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాడే ఓడిపోయినట్టు. కానీ ఇవాళ ఆమె ఎగతాళి మాని, తెర మీద ఆ పట్టీ వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి వేలు జరిపింది.

విలిమోనె లావాటి మనిషి. నెరిసిన ఉంగరాల జుట్టు, లుంగీలా చుట్టుకున్న, మోకాళ్ళు దాటే బూడిద రంగు సులు, అరిగిన తోలు చెప్పులు. ఇప్పటికీ రెండు వేళ్ళతోనే టైపు చేస్తాడు. దీవులకు చిన్న పడవలు నడిపే ఈ కంపెనీలో టికెట్ల గుమాస్తాగా చేరి, ఎవరూ ముట్టని జావా సర్వర్‌ను నెత్తిన వేసుకుని, సువా రేవు వెనక ఈ మేడ గదిలోనే ముసలివాడవుతున్నాడు. అతని పేరు పై అధికారులకు సర్వర్ పడిపోయినప్పుడే గుర్తొస్తుంది. అది సరిగ్గా నడిచినన్నాళ్ళూ అతనొకడున్నాడని ఎవరికీ పట్టదు. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది, అతనికి మాత్రం అనిపించేది కాదు.

"ఈ పట్టీ పోయినేడు ఉండుంటే బావా," అంది సలోటె చివరికి.

పోయినేడు తుఫాను కాలంలో పడవ ఆపమని ఆమె కొండల అవతలి చిన్న రేవుకు ఫోన్ చేసింది. రేవులో నల్లబల్ల మీద మాత్రం పొద్దున రాసిన 'వెళ్ళొచ్చు' అనే మాట అలాగే ఉంది. రేవు ఏజెంటు ఇసికేలి రెండింట్లో ఏది కొత్తదో తేల్చుకోలేక బల్లను నమ్మాడు. ఆ పడవలో సలోటె తమ్ముడు ఎరోని ఉన్నాడు. పడవ పలకలు దొరికాయి, ఎరోని దొరకలేదు. విలిమోనె లైఫ్ జాకెట్ కొనుక్కున్నది ఆ తరవాతే. ఊరికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చంకన పెట్టుకుని పోతాడు, మిగతా రోజుల్లో నడుము నొప్పికి దిండు.

"ఇవాళ్టి నుంచి ఇసికేలి చూసేది ఈ పేజీ ఒక్కటే. నువ్వు ఇక్కడ నొక్కావంటే అక్కడ పట్టీ పడాల్సిందే. ఫోన్ మాత్రం చెయ్యకు. రెండు చోట్ల రెండు మాటలుంటే వాడు మళ్ళీ తికమక పడతాడు."

"మనసు ఊరుకోదు బావా."

"ఊరుకోబెట్టు. నాకు మాటివ్వు."

ఆమె తలూపింది. తరవాత అలవాటు చొప్పున జాకెట్ వైపు గడ్డం ఎగరేసింది. "ఒడ్డున కూర్చునే మనిషికి అదెందుకు? కుర్చీ మునుగుతుందనా?"

"మీ దీవి వాళ్ళ వంట తిన్నాక ఏ కుర్చీ అయినా మునుగుతుంది."

ఆమె నవ్వుతూ వెళ్ళింది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. గాలి బొత్తిగా లేదు. నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. సముద్రం మీద తిరగాల్సిన పెద్ద నల్లపిట్టలు కొండల వైపు పోతున్నాయి. విలిమోనె వాటిని చూసి, చూడనట్టే తల తిప్పుకున్నాడు.

సలోటె నొక్కే పేజీ వేరు, అది ముందే ఎక్కించేశాడు. ఇక రేవుల వాళ్ళు చూసేది అసలు సర్వర్‌లో పెట్టాలి. కొత్త వెబ్ క్లయింట్, అంటే రేవుల్లో వాళ్ళు తెరిచే ఈ పేజీ, ఒక్క మూటగా వస్తుంది. ఫోల్డర్‌లో ఆ మూట పెడితే, సర్వర్ లేచేటప్పుడు దాన్ని విప్పి పక్కన పరుచుకుంటుంది. చిక్కల్లా ఒకటే. పాత సామాను అప్పటికే పరిచి ఉంటే ఈ సర్వర్ కొత్త మూట జోలికి పోదు, పట్టీ లేని పాత పేజీనే చూపిస్తుంది. అందుకే ముందు సర్వర్‌ను ఆపాలి, పరిచిన పాత ఫోల్డర్ తుడిచేయాలి, ఆ తరవాతే మూట మార్చాలి. విలిమోనె ఈ పని నిద్రలో కూడా చేయగలడు.

సర్వర్ ఆపాడు. అప్పుడే ఫోన్ మోగింది. దీవి నుంచి చిన్నమ్మ కొడుకు.

"అన్నా, బయల్దేరావా? రాత్రికి పెద్దన్న నూరో రాత్రి. నువ్వు రాకుండా నల్లబట్టలు విప్పం అని వదిన కూర్చుంది."

"వస్తున్నారా. అందరికీ నూరి కలిపి తాగడానికి యంగోనా వేర్లు కట్టించా. సాయంత్రం పడవకే వస్తున్నా."

"ఒక కట్ట చాలదు, ఇంకోటి పట్రా. జనం బాగా వచ్చారు."

ఇంకో కట్టంటే బజారుకు పోవాలి. బజారుకు పోతే బస్సు దొరకదేమో. చనిపోయిన అన్న విలిమోనెను చదివించినవాడు. ఆయన శోకం తీర్చే రాత్రి తను లేకపోతే ఆ మచ్చ జన్మలో పోదు. గడియారం చూసుకుంటూ ఫోన్ పెట్టేసి, మూట మార్చి, సర్వర్ లేపాడు.

పాత ఫోల్డర్ తుడవలేదు.

పేజీ చూసుకున్నాడు, చూసుకోకపోలేదు. కానీ చూసింది పొద్దుటి నుంచి తెరిచి ఉన్న పరీక్ష పేజీని. రెండూ ఒకే నీలం. అందులో ఎర్ర పట్టీ నిండుగా ఉంది. తృప్తిగా ఊపిరి వదిలి ఇసికేలికి ఫోన్ చేశాడు.

"కొత్తది ఎక్కించా. ఇక తెర ఏం చెప్తే అదే. పట్టీ ఉంటే ఆపు, లేకపోతే వదులు."

"మరి ఈ ఫోన్?"

"అవతల పారెయ్. ఏడాదిగా దాన్ని చూస్తేనే వణికి చస్తున్నావుగా."

"మా ఆవిడకి ఇచ్చేస్తా సార్. పీడా పోతుంది," అన్నాడు ఇసికేలి. ఆ గొంతులో తేలిక విని విలిమోనెకు కళ్ళు చెమర్చాయి.

వార్తా కాగితంలో చుట్టిన వేర్ల కట్టను చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. ఎప్పుడూ జాకెట్ పెట్టుకునే చంక అది.

బస్సు కొండలు దాటాక అతని ఫోన్‌కు సిగ్నల్ పోయింది. రేవు చేరేసరికి ఎండ రాగి రంగుకు తిరిగింది. రేకుల గది చూరుకు, చేతికందేంత కిందుగా, కందిరీగలు కొత్త గూడు పెట్టాయి. పడవ నడిపే తోమాసి నీళ్ళ వైపు కాకుండా ఆ గూడు వైపే చూస్తున్నాడు.

"ఇవి ఇంత కిందికి దిగాయంటే తుఫానొస్తుందంటారు, నాకు నచ్చదు పెద్దాయనా," అన్నాడు. "రేపు పోదామా?"

విలిమోనె కూడా ఆ గూడు వైపు చూశాడు. ఒక్క క్షణం, రేపే నయం అనుకున్నాడు. గదిలోకి తొంగి చూశాడు. ఇసికేలి కొత్త చొక్కా వేసుకుని తెర ముందు నిటారుగా కూర్చున్నాడు. తెర మీద నీలం పేజీ, పడవల పేర్లు. పట్టీ లేదు.

"సలోటె ఆపలేదు సార్. దారి బాగున్నట్టే," అన్నాడు ఇసికేలి.

"ఆపాల్సి ఉంటే ఆపేది. ఈ విషయంలో ఆమె కన్నా జాగ్రత్త ఎవరికుంటుంది?" అన్నాడు విలిమోనె. ఆ మాట తోమాసికి చెప్పాడో తనకే చెప్పుకున్నాడో తెలియదు. "పద, ఆ పేజీ నేను పెట్టిందే కదా."

తోమాసి పడవెక్కి ఇంజను దగ్గరికి పోయాడు. వేర్ల కట్టలు రెండూ తడవకుండా ఒళ్ళో పెట్టుకుని విలిమోనె పడవ మధ్యలో కూర్చున్నాడు. ఇసికేలి తాడు విప్పి లోపలికి విసిరాడు. పడవ పగడపు దిబ్బల మధ్య సందు దాటి, మొదట చిన్నదై, తరవాత కనబడలేదు. ఆ వెనకే ఆకులు కదిలాయి. పొద్దుటి నుంచి లేని గాలి అప్పుడు మొదలైంది.

సువాలో సలోటె కిటికీ తలుపులు బిగించింది. తుఫాను హెచ్చరిక విలిమోనె బస్సెక్కిన కాసేపటికే వచ్చింది. ఆమె వెంటనే నొక్కింది. 'ఆపబడింది' అని ఆమె తెర చెప్పింది. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. పోయినేటి నుంచి ఇంత నెమ్మదిగా ఆమె మనసు ఎన్నడూ లేదు.

బావ ఆఖరి బస్సుకు తిట్టుకుంటూ తిరిగొస్తాడు, అన్న నూరో రాత్రి తప్పించావని తన మీద ఎగురుతాడు. ఎగరనీ. కొబ్బరిపాలలో ఉడికిన చేప కొంచెం గిన్నెలో తీసి, మూతపెట్టి అతని బల్ల మీద ఉంచింది. దీపం ఆర్పబోతూ కుర్చీ వైపు చూసి, దీన్ని మర్చిపోయినందుకు రేపు ఏమని ఏడిపించాలా అని నవ్వుకుంది.

కుర్చీకి ఆనించిన నారింజ రంగు జాకెట్‌లో అతని వీపు నొక్కిన గుంట ఇంకా అలాగే ఉంది, మెడ దగ్గర దారానికి కట్టిన చిన్న ఈల తలుపు సందులోంచి వచ్చే గాలికి ఊగుతోంది.