పొగ వెనక సముద్రం

నా బొమ్మల ప్రదర్శన రోజున కూడా టీ నేనే పెట్టాను. టెక్కలిలో మా చర్చి హాల్లో, స్త్రీల సమాజం వార్షికోత్సవానికి, నేను వేసిన సముద్రం బొమ్మలన్నీ గోడలకు వేలాడుతున్నాయి. నేను ట్రే పట్టుకుని, వాటి ముందు నిలబడ్డ వాళ్ళకి గ్లాసులందిస్తున్నాను. ఆ బొమ్మల్లో కెరటం లేదు, పడవ లేదు. బూడిదరంగు చారలు, వాటి వెనక ఎక్కడో కాస్త నీలం. మా అత్తగారు సువర్ణమ్మ చూసి, "మసిగుడ్డలు ఆరేసినట్టున్నాయేటే ఇవాంజీ" అంది.

నవ్వి ఆవిడకీ ఓ గ్లాసందించాను. ఏటా చర్చి సంఘమంతా భావనపాడు పిక్నిక్‌కి వెళ్తుంది. మగవాళ్ళూ పిల్లలూ సముద్రంలో దిగుతారు. ఆడవాళ్ళం సరుగుడు తోటలో రాళ్ళు పేర్చి పొయ్యి రాజేస్తాం. అన్నం వార్చి, కోడికూర దించి, అందరికీ వడ్డించి, గిన్నెలు తోమేసరికి బస్సు హారన్ మోగుతుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నేను చూసిన సముద్రమంతా ఆ పొగలోంచి, మండే కళ్ళతో చూసిందే. చూసినట్టే వేశాను. ఇంట్లో ఒక్కటీ గోడకి పెట్టనివ్వలేదు మా ఆయన. ఎవరైనా ఇదేం బొమ్మని అడిగితే ఏం చెప్పాలనేవారు. అన్నీ మంచం కిందే ఉండేవి.

ఈరోజు ఆయనే, వరప్రసాదు మాస్టారు, వచ్చినవాళ్ళకి వివరిస్తున్నారు. అర్థంకాక నవ్వుతారని భయం కాబోలు, అది బైబిల్లోని గలిలయ సముద్రమనీ, ప్రభువు తుపాను ఆపిన గడియ అనీ చెప్పేస్తున్నారు. అందరూ తలలూపుతున్నారు. పాస్టరుగారికి పెద్ద బొమ్మ బాగా నచ్చింది. సండేస్కూలు గదిలో శాశ్వతంగా పెట్టిద్దామన్నారు. నా బొమ్మకో గోడ.

"నీళ్ళ మీద నడిచొస్తున్న యేసయ్య కూడా ఉంటే పిల్లలకి తెలుస్తుందమ్మా" అన్నారు పాస్టరుగారు.

"దాందేటుంది అయ్యగారూ, సాయంత్రానికి ఏసేత్తాది" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండానే.

ఒప్పుకుంటే గోడ దక్కుతుంది. లేకపోతే మళ్ళీ మంచం కిందికే. పైగా ఇంతమందిలో ఆయన మాట పోతుంది, ఇంటికెళ్ళాక ఆయన మౌనం ఎన్నాళ్ళు మొయ్యాలో నాకు తెలుసు. ట్రే బల్ల మీద పెట్టేశాను.

"ఇది గలిలయ కాదు అయ్యగారూ, భావనపాడు" అన్నాను. "ఈ నీళ్ళ మీద ఎవరూ నడవలేదు. నేనింకా కాళ్ళయినా తడుపుకోలేదు."